గాలి రాకముందే కత్తెర



మీ విచారణ దేవాలయ ఆవరణలో రెండు మూడేళ్ళ క్రితం నాటిన మొక్కలు ఇప్పుడు ఎలా ఉన్నాయో ఈ ఆదివారం పూజకు వెళ్ళినప్పుడు ఒక్కసారి చూడండి. ఏటా జూలైలో వనమహోత్సవం చేస్తాము. 1950లో కె.ఎం. మున్షీ గారు మొదలుపెట్టిన ఆ పండుగ మన గుళ్ళకూ బళ్ళకూ కూడా వచ్చింది. ఫాదర్ గారు పార పడతారు, సిస్టర్లు నీళ్ళు పోస్తారు, యువజన సంఘం వాళ్ళు ఫొటో తీయిస్తారు. మూడేళ్ళకు మొక్క కప్పు ఎత్తు లేస్తే "బాగా వచ్చింది" అనుకొని సంతోషిస్తాము. ఆ తరువాత దాని వంక మళ్ళీ తలెత్తి చూసేది, అది విరిగి ప్రహరీ గోడ మీదనో కరెంటు తీగల మీదనో పడినప్పుడే.

2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారం. ఆనాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. కైలాసగిరి, సింహాచలం కొండలు మరునాటికి ఆకులేని మోళ్ళతో నిండిపోయాయి. నగరంలో వేలాది చెట్లు నేలకూలాయి. ఆ వేళ ఆదివారపు పూజకు పోలేక ఇళ్ళలోనే తలుపులు బిగించుకొని జపమాల చెప్పుకొన్న కుటుంబాలు ఈ పత్రిక చదువుతున్నవారిలోనే ఉన్నాయి. నాలుగేళ్ళకు, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. అక్కడ పడినవి చెట్లు మాత్రమే కావు, ఆ చెట్ల మీద పెట్టుకొన్న పెళ్ళిళ్ళు, చదువులు కూడాను.

గాలిని ఆపడం మన చేతిలో లేదు. కాని అది చెట్టును పట్టుకొనే తీరు ఒకటున్నది, దాన్ని కొంత తెలుసుకోవచ్చు. గాలి వేగం రెండింతలయితే చెట్టు మీద పడే తోపుడు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఆ తోపుడంతా ఆకుల గుబురు మీద పడి, మానును మీటకర్రలాగా వంచుతుంది. గుబురు ఎంత ఎత్తులో, ఎంత బరువుగా ఉంటే మీట అంత పొడుగు. అప్పుడు చెట్టు మూడు చోట్లలో ఒకచోట ఓడిపోతుంది. నేల నాని వేళ్ళు పట్టు వదలవచ్చు, మాను నడిమికి విరగవచ్చు, లేదా పంగ దగ్గర రెండుగా చీలిపోవచ్చు. ఈ మూడవది చాలా చెట్లలో పదేళ్ళ ముందే మన కంటికి కనబడుతుంది. చూసేవాళ్ళు తక్కువ.

చిన్న చెట్టు దగ్గరకు వెళ్ళి చూడండి. నిద్రగన్నేరు కావచ్చు, తురాయి కావచ్చు, కానుగ, వేప ఏదైనా కావచ్చు. ఒకే మాను నిటారుగా పైకి పోతున్నదా? లేక మీ నడుము ఎత్తునో ఛాతీ ఎత్తునో రెండుగా చీలి, రెండూ సమానమైన లావుతో, ఇంగ్లీషు 'వి' అక్షరంలాగా పక్కపక్కనే లేస్తున్నాయా? రెండవ రకమైతే ఆ పంగలోకి వంగి చూడండి. రెండు కొమ్మల మధ్య బెరడు లోపలికి ముడుచుకొని పోయి ఉంటుంది. బయటికి ఒకే చెట్టుగా కనబడుతున్నా, లోపల కట్టెకు కట్టె అతుక్కోలేదు. నడుమ బెరడు అడ్డం ఉన్నది. ఏటేటా రెండూ లావెక్కి ఒకదానినొకటి నెట్టుకొంటాయి. పెద్ద గాలి వచ్చిన రోజున ఆ పంగ నిలువునా చీలుతుంది. ఒక్కొక్కసారి గాలి కూడా అక్కరలేదు, వాననీటి బరువు చాలు.

దీనికి మందు చిన్నప్పుడే ఉన్నది. ఆ రెండింటిలో బాగా నిటారుగా, బలంగా ఉన్నదాన్ని ఏలికగా ఉంచి, రెండవదాన్ని పొట్టి చేయాలి. మొదలంటా నరకమని చెప్పడం లేదు. సగానికో, సగానికి కొంచెం తక్కువకో, ఒక పక్కకొమ్మ ఉన్న చోటికి కత్తిరిస్తే చాలు. దానికి ఆకు తగ్గుతుంది, ఆహారం తగ్గుతుంది, పెరుగుదల మందగిస్తుంది. ఏలిక కొమ్మ ముందుకు పోతుంది. మరుసటి ఏడు మళ్ళీ చూసి, అవసరమైతే మళ్ళీ కొంచెం తగ్గించాలి. మూడు నాలుగేళ్ళకు అది పక్కకొమ్మగా ఒదిగిపోతుంది, లేదా హాయిగా తీసివేయగలిగినంత సన్నగా ఉంటుంది. పక్కకొమ్మ లావు, అది పుట్టిన చోట ఉన్న మాను లావులో సగం దాటకుండా ఉంటే, మాను ఆ కొమ్మ మొదలును తన కట్టెతో చుట్టి గట్టిగా పట్టుకొంటుంది. చెట్టు బలానికి ఇదే అసలు రహస్యం. ఒక ఏడాదిలో ఆకులో నాలుగోవంతుకు మించి తీయకూడదు. తొందరపడి ఒకే రోజున అంతా సరిచేయాలనుకొనేవారు చెట్టును సరిచేయరు, దిగంబరం చేస్తారు.

ఇక్కడ యోహాను సువార్త 15వ అధ్యాయం దగ్గరకు వద్దాము. ఈస్టరు కాలంలో 'బి' సంవత్సరపు ఐదవ ఆదివారం మనం వినే సువిశేషం అది. కడరాత్రి భోజనం దగ్గర ప్రభువు తన్ను ద్రాక్షవల్లిగాను, తండ్రిని తోటవాడుగాను, మనలను కొమ్మలుగాను చెప్పారు. ఫలించని కొమ్మను తండ్రి తీసివేస్తాడు, ఫలించేదాన్ని మరింత ఫలించడానికి కత్తిరిస్తాడు అని బోధించారు. గ్రీకు మూలంలో 'తీసివేయడం' అనే మాట 'ఐరెయి', 'కత్తిరించడం' అనే మాట 'కథైరెయి'. వినడానికి రెండూ అన్నదమ్ముల్లాంటివి, కాని అర్థంలో ఎంత దూరం! రెండవ మాటకు శుభ్రం చేయడం అనే అర్థం కూడా ఉన్నది. అందుకే ఆ వెంటనే ప్రభువు శిష్యులతో, నేను చెప్పిన వాక్కు వలన మీరు ఇప్పటికే శుభ్రులు అంటున్నారు. అంటే తండ్రి చేతిలోని కత్తెర ఏమిటో ఆయనే చెప్పారు. అది వాక్కు. రోగం, అప్పు, చావు అని ఆయన చెప్పలేదు. ఇంట్లో బిడ్డ పోయిన తల్లి దగ్గరకు పోయి "దేవుడు నిన్ను కత్తిరిస్తున్నాడమ్మా" అని ఓదార్చేవాళ్ళున్నారు. దయచేసి అలా అనకండి. సువార్తలో లేని కత్తిని తండ్రి చేతిలో పెట్టకండి.

ద్రాక్ష సంగతి మన తెలుగువారికి కొత్తదేమీ కాదు. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఇ-షాహీ తోటలు విరివిగా ఉండేవి. ద్రాక్ష రైతు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి అక్టోబరులో ఒకసారి కత్తిరింపు చేస్తాడు. మొదటిది కొమ్మ కోసం, రెండవది కాయ కోసం. ఆయన తీగ తీగ దగ్గరా నిలబడి, కన్నులు లెక్కపెట్టి కోస్తాడు. గొడ్డలి దూరం నుంచి విసరవచ్చు. కత్తెర వేయాలంటే దగ్గరకు రావాలి, కొమ్మను ఎడమచేత్తో పట్టుకోవాలి. కొమ్మకు తోటవాడు అంత దగ్గరగా వచ్చేది ఆ ఘడియలోనే.

మన పెద్దలు "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు. మంచి సామెతే. కాని మన ఇళ్ళలో ఇది ఎప్పుడు వినబడుతుంది? ఎక్కువసార్లు బెత్తం చేతిలోకి తీసుకొన్నప్పుడే. సీరా జ్ఞానగ్రంథం 30వ అధ్యాయం పిల్లల శిక్షణ గురించి కఠినంగానే మాట్లాడుతుంది. కొందరు తండ్రులకు మొత్తం పరిశుద్ధ గ్రంథంలో అదొక్కటే కంఠతా వచ్చునేమో అనిపిస్తుంది. పౌలు గారు కొలొస్సీయులకు రాసిన లేఖ 3వ అధ్యాయంలో, పిల్లలకు మనసు విరిగిపోయేటట్టు వాళ్ళను రేపవద్దని తండ్రులకే చెప్పారు. దాన్ని కూడా కంఠతా పట్టవలసింది. చెట్టును వంచి కట్టడం వేరు, కత్తిరించడం వేరు. కత్తిరించేవాడు ముందు ఏది ఉంచాలో నిర్ణయించుకొంటాడు, తరువాతనే ఏది తగ్గించాలో చూస్తాడు. మీ అబ్బాయిలో, మీ అమ్మాయిలో ఏ కొమ్మ నిటారుగా పోతున్నదో మీకు తెలుసా? అది తెలియకుండా కత్తెర పట్టడం ప్రమాదం.

ఇంకొక పొరపాటు మన ఊళ్ళలో మరీ ఎక్కువ. మొక్క త్వరగా ఎత్తు పెరగాలని కింది కొమ్మలన్నీ చెక్కేస్తాము. తోటపని బాగా చేశామనుకొంటాము. సన్నని కాడ మీద పైన ఒక గుబురు, కొరడాకు కుచ్చు కట్టినట్టు నిలుస్తుంది. నిజానికి ఆ చిన్న చిన్న కింది కొమ్మలు తాత్కాలికమైనవే, ఎప్పటికైనా తీయవలసినవే. కాని అవి ఉన్నంతకాలం వాటి ఆకులు చేసిన ఆహారం దగ్గరలో ఉన్న మానుకు చేరి, మొదలును లావు చేస్తుంది. ఎండకు లేత బెరడు కాలకుండా నీడనిస్తుంది. వాటిని జానెడు మూరెడు పొడుగుకు పొట్టి చేసి మూడు నాలుగేళ్ళు ఉంచి, ఒక్కొక్కటిగా తీయాలి. చిన్న చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు ఆకు ఉండాలి. కొమ్మ లోపలి భాగమంతా గీకివేసి కొసన మాత్రమే ఆకులు మిగల్చడం కూడా తప్పే. బరువంతా కొసకు చేరి గాలికి అది ఇంకా ఎక్కువ ఊగి విరుగుతుంది.

మన పిల్లల చదువులు చూసినప్పుడు నాకు ఆ కొరడా చెట్లే గుర్తుకు వస్తాయి. ర్యాంకు అనే ఒక్క కొస కోసం ఆటలు తీసేశాము, అమ్మమ్మ ఊరు తీసేశాము, దొడ్డిలో నలుగురు పిల్లలతో కొట్లాట తీసేశాము, చివరికి ఆదివారపు సత్యోపదేశం కూడా "ఈ రెండేళ్ళూ వద్దులే ఫాదర్" అని తీసేశాము. ఇవన్నీ తాత్కాలికమైన కొమ్మలే, ఒప్పుకొంటాను. కాని మొదలు లావెక్కేది వాటివల్లనే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు, ఒక్కొక్క రోజు గడిచేకొద్దీ పిల్లలు ప్రాణాలు తీసుకొన్న వార్తలు వచ్చాయి. ఎంతమంది తల్లిదండ్రులు! వాళ్ళ మీద రాయి వేయడానికి నేను ఈ మాట రాయడం లేదు. మనలో ఎవరి ఇంటికైనా ఆ గాలి రావచ్చు. మీ ఇంట్లో ఇప్పుడు పదవ తరగతో ఇంటరో చదివే బిడ్డ ఉంటే ఈ రాత్రి జపమాల అయ్యాక, మార్కులు ఎన్ని వచ్చినా ఈ ఇంటి తలుపు నీకు తెరిచే ఉంటుందని పైకి, మాటల్లో, వాడికి వినబడేటట్టు చెప్పండి. వాడికి తెలుసులే అనుకోకండి.

కట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొక్క నాటినప్పుడు పక్కన ఒక కర్ర పాతి తాడుతో బిగిస్తాము. అది అవసరమే, కాని వదులుగా, ఎనిమిది ఆకారంలో, మాను కొంచెం ఊగేటట్టు కట్టాలి. ఆ ఊగులాటలోనే మాను లావెక్కడం, వేరు పట్టడం నేర్చుకొంటుంది. చాలామంది కట్టు వేసి మరిచిపోతారు. తాడు బెరడులోకి దిగిపోయి, ఆ చోటనే మెడ కోసినట్టు విరిగిన చెట్లు ఎన్నో. నాటిన ఏడాదికి కట్టు విప్పవలసిందే. కదలనివ్వని హాస్టళ్ళూ, ఫోను ఎత్తితే తప్ప గడప దాటనివ్వని ఇళ్ళూ ఏ తాడుతో కడుతున్నాయో తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి.

ఇక కోత గురించి. కొమ్మ మానుకు అతికే చోట కొంచెం ఉబ్బెత్తుగా, ముడతలు పడిన ఒక కంకణం కనబడుతుంది. కోత ఆ కంకణానికి బయట, దాన్ని ఆనుకొని పడాలి. కంకణాన్ని కూడా కోసి మానుకు సమంగా చెక్కితే గాయం పెద్దదవుతుంది. బారెడు మొండెం వదిలేస్తే అది కుళ్ళి, కుళ్ళు లోపలికి దిగుతుంది. బొటనవేలి లావు లోపల ఉన్న కొమ్మకు కత్తెర చాలు. అంతకు లావైతే రంపం పట్టాలి, ముందు జానెడు బయట కింది నుంచి కొంచెం కోసి, తరువాత దానికి కొంచెం అవతల పై నుంచి కోయాలి. కొమ్మ బరువు దిగిపోయాక, మిగిలిన మొండాన్ని కంకణం దగ్గర తీయాలి. లేకపోతే పడిపోయే కొమ్మ తనతో బెరడును చీరుకొని పోతుంది. నీడచెట్లకు గాయం మీద తారు, రంగు పూయడం వల్ల ప్రయోజనం లేదు. సమయమంటారా, సంక్రాంతి దాటిన తరువాత, చెట్టు కొత్త చిగురు తొడగకముందు మంచిది. అది మనకు దాదాపుగా తపస్సుకాలం మొదలయ్యే వేళ. బూడిద బుధవారానికి అటూ ఇటూ విచారణలో ఒక శనివారం ఈ పనికి పెట్టుకొంటే, పిల్లలకు ఆ కాలపు అర్థం వేరే చెప్పనక్కరలేదు.

అమెరికా అటవీశాఖలో పనిచేసిన ఆలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త (1930-2006) వేలాది చెట్లను రంపంతో నిలువునా చీల్చి లోపలి గాయాలను పరిశీలించారు. ఆయన చెప్పినది ఇది. చెట్టుకు మనిషికిలాగా గాయం మానదు. పాడైన కట్టె మళ్ళీ బాగుపడదు. చెట్టు ఆ గాయం చుట్టూ లోపల గోడలు కట్టి, కుళ్ళు పాకకుండా ఆపి, దాని మీద కొత్త కట్టె పెంచుకొని సాగిపోతుంది. ఎనభై ఏళ్ళ చెట్టును కోస్తే, దాని పదవ ఏట పడిన గాయం అక్కడే, ఆనాటి కొలతలోనే ఉంటుంది. ఇది చదివినప్పటి నుంచి నాకు తోమాసు గారు గుర్తుకు వస్తున్నారు. ఉత్థానమైన ప్రభువు శరీరంలో మేకుల గుర్తులు పోలేదు. తండ్రి వాటిని తుడిచివేయలేదు. మహిమ వాటి చుట్టూ పెరిగింది. బాల్యంలో తగిలిన మాట, తాగివచ్చిన తండ్రి కొట్టిన దెబ్బ, నలుగురిలో జరిగిన అవమానం ఇవి "మరిచిపో" అంటే పోవు. పాపసంకీర్తనంలో క్షమాపణ పొందినా, క్షమించినా కూడా, లోపల వాటి ఆనవాలు ఉంటుంది. ఉన్నందుకు సిగ్గుపడవలసినది లేదు. అందుకనే కోయక తప్పనిది చిన్నదిగా ఉన్నప్పుడే కోయాలి. వేలి లావు గాయాన్ని చెట్టు ఒకటి రెండేళ్ళలో మూసుకొంటుంది. తొడ లావు గాయం కొన్నిసార్లు ఎన్నటికీ మూసుకోదు.

తల నరికే పద్ధతి ఒకటున్నది, దాన్ని మానుకోవాలి. తుపాను భయంతో పెద్ద చెట్టు పైభాగమంతా అడ్డంగా నరికి మొండి చేస్తారు. రెండేళ్ళకు ఆ మొండెం చుట్టూ చీపురు పుల్లల్లాగా పిలకలు లేస్తాయి. అవి పైపై బెరడు కిందనే పుట్టినవి, లోపలి కట్టెలో వేరూనినవి కావు. కింద మొండెం కుళ్ళుతూ ఉంటుంది, పైన పిలకలు బరువెక్కుతుంటాయి. ముందున్న దానికంటే ఎక్కువ ప్రమాదమన్న మాట. కొబ్బరి, తాటి చెట్లకు మాత్రం ఈ కత్తిరింపు పాఠాలేవీ వర్తించవు. ఎండిన మట్టలు, రాలబోయే కాయలు తీస్తే చాలు, పచ్చి మట్టలు నరికితే చెట్టు నీరసిస్తుంది.

అన్నీ సరిగా చేసినా కొన్ని చెట్లు పడిపోతాయి. కాలువ తవ్వి వేళ్ళు తెగగొట్టిన చోట, మొదలు చుట్టూ సిమెంటు పోసిన చోట, పాలితీను సంచిలో చుట్టలు చుట్టుకొన్న వేళ్ళను విడదీయకుండా నాటిన చోట, పైన ఎంత నేర్పుగా కత్తిరించినా ప్రయోజనం తక్కువ. ఇవేవీ లేకుండా, ఏ లోపమూ లేని చెట్టు కూడా అంతటి గాలికి కూలవచ్చు. లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్ళు తక్కినవారికంటే పాపాత్ములా అని అడిగి, కాదని ప్రభువే జవాబు చెప్పారు. పడినవారి పాపాలు వెతకడం ఆయన మనకు అప్పగించిన పని కాదు. ఆ మాట వెంటనే అత్తిచెట్టు ఉపమానం చెప్పారు. యజమాని నరికివేయమంటే తోటమాలి, ఈ ఒక్క ఏడాది ఆగండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అని బతిమాలాడు. కూలిన గోపురం పక్కన ప్రభువు ఒక తోటమాలిని నిలబెట్టారు, పారతో.

కాబట్టి పార, కత్తెర, చేతిరంపం ఈ మూడూ గుడి సామాను గదిలో ఉండేటట్టు విచారణ మండలి వారు చూడండి. నేల మీద నిలబడి అందేవరకే పిల్లలతో చేయించండి. నిచ్చెన వేయవలసి వస్తే అది పెద్దవాళ్ళ పని. చెట్టెక్కవలసి వస్తే అది వచ్చినవాళ్ళ పని. కరెంటు తీగకు దగ్గరలో ఉన్న కొమ్మను ఎవరూ ముట్టకూడదు, కరెంటు ఆఫీసుకు చెప్పాలి. కోసిన కానుగ ఆకు పొలానికి ఎరువు, వేప ఆకు ధాన్యం గాదెకు పనికివస్తుంది, సన్న కొమ్మలు ఎండబెడితే ఉపదేశి గారింటి పొయ్యిలోకి వస్తాయి.